అంబులెన్స్ వెళ్లిపోయాక ఎవరి కోసం ఆడాలి?

(జిల్లా ఫుట్‌బాల్ టోర్నమెంట్‌కు ముందు నల్లగొండలో జరిగిన పీఈటీలు, రిఫరీలు, టోర్నీ నిర్వాహకుల సమావేశంలో ఒక రిటైర్డ్ ఫిజికల్ డైరెక్టర్ చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. సెక్రటరీ గారు నన్ను ఆఫ్‌సైడ్ గురించి, కార్డుల గురించి మాట్లాడమన్నారు. అవి మీ అందరికీ తెలిసినవే. తెలియనివాళ్లకు గ్రౌండు బయట నిలబడ్డవాళ్లు అరిచి మరీ నేర్పిస్తారు. నేను వేరే సంగతి మాట్లాడతాను. ఆడుతూ ఆడుతూ ఒక పిల్లవాడు ప్రాణం మీదికొచ్చి పడిపోయాడనుకోండి. అతన్ని ఆస్పత్రికి పంపించాం. మిగిలిన ఆట ఆడించాలా, వద్దా?

ఈ ప్రశ్న ప్రపంచమంతా ఒకేసారి అడిగిన రోజు 2021 జూన్ 12. యూరో కప్పులో డెన్మార్క్, ఫిన్లాండ్ మ్యాచ్, కోపెన్‌హాగన్‌లో. మన టైం ప్రకారం రాత్రి తొమ్మిదిన్నరకు మొదలైంది. హాఫ్‌టైం దగ్గర పడుతుండగా, త్రో వేసిన బంతిని అందుకోబోయి డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ ముందుకు ఒరిగి పడిపోయాడు. ఎవరూ తగల్లేదు, ఎవరూ తోయలేదు. గుండె ఆగిపోయింది. కెప్టెన్ సైమన్ కేయర్ పరుగెత్తుకొచ్చాడు. తోటి ఆటగాళ్లు అతని చుట్టూ గోడ కట్టినట్టు నిలబడ్డారు, కెమెరాలకు కనిపించకుండా వీపులు బయటికి పెట్టి. డాక్టర్లు ఛాతీ నొక్కారు, మెషీన్‌తో ఒక్క షాక్ ఇచ్చారు. గుండె తిరిగి కొట్టుకుంది. బతికాడు.

దాని తర్వాత జరిగింది వినండి. యూరప్ ఫుట్‌బాల్ సంఘం వాళ్లు రెండు దారులు చూపించారు. ఇవాళ రాత్రే మిగతా ఆట ఆడండి, లేదా రేపు మధ్యాహ్నం పన్నెండింటికి ఆడండి. ఎరిక్సన్ ఆస్పత్రిలో స్పృహలో ఉన్నాడని తెలిశాక ఆటగాళ్లు ఇవాళే ఆడేస్తామన్నారు. మన దగ్గర అర్ధరాత్రి అయ్యేసరికి ఆట మళ్లీ మొదలైంది. ఫిన్లాండ్ ఒక గోల్ కొట్టింది, కొట్టినవాడు సంబరం చేసుకోలేదు. డెన్మార్క్‌కు పెనాల్టీ వస్తే గోల్‌కీపర్ ఆపేశాడు. కేయర్ ఆట చివరి దాకా ఉండలేకపోయాడు, మధ్యలోనే బయటికొచ్చేశాడు. 1-0తో డెన్మార్క్ ఓడిపోయింది. ఆ రాత్రి ఆడకుండా ఉండాల్సిందని వాళ్ల కోచ్ కాస్పర్ హ్యూల్మండ్ తర్వాత తానే చెప్పాడు.

ఆ పక్క వాదన కూడా ఉంది, దాన్ని తీసిపారేయను. "ఆటగాళ్లే ఆడతామన్నారు కదా, మధ్యలో మీకేం బాధ?" అంటారు. నిజమే, వాళ్లే అన్నారు. ఇంటికి పోయి రాత్రంతా నిద్ర పట్టక దొర్లి, పొద్దున లేచి మళ్లీ అదే గ్రౌండుకు రావడం కన్నా ఇప్పుడే అయిపోగొడదాం అనుకున్నారు. వాళ్లను నేను తప్పు పట్టను. వాళ్లను అడిగినవాళ్లను తప్పు పడతాను. మన ఊళ్లల్లో ఒక ఇంట్లో చావు అయితే ఆ ఇంటివాళ్లను ఎవరైనా "ఇవాళ పొయ్యి ముట్టిస్తరా, రేపు ముట్టిస్తరా?" అని అడుగుతారా? అడగరు. పక్కింటివాళ్లు వండి తెచ్చి పెడతారు. ఏం చేయాలో నిర్ణయించే పని ఆ పూట వాళ్ల మీద వేయరు. అంత చిన్న మర్యాద అంత పెద్ద సంఘానికి తోచలేదు. అప్పటికి కరోనా నడుస్తున్నది. టీమ్‌లో కరోనా వస్తే మ్యాచ్‌ను వాయిదా వేసుకోవడానికి రూల్ ఉంది. కళ్ల ముందు స్నేహితుడి గుండె ఆగితే మాత్రం రేపు మధ్యాహ్నం లోపల ఆడేయాలి!

ఇంకా వెనక్కి పోతే ఇంతకన్నా ఘోరం. 2003 జూన్ 26, ఫ్రాన్స్‌లోని లియాన్. కాన్ఫెడరేషన్స్ కప్పు సెమీఫైనల్, కామెరూన్, కొలంబియా ఆడుతున్నాయి. 72వ నిమిషంలో కామెరూన్ ఆటగాడు మార్క్ వివియన్ ఫోయే గ్రౌండు మధ్యలో పడిపోయాడు. దగ్గర్లో ఎవరూ లేరు. స్ట్రెచర్ మీద బయటికి మోశారు, ఆట నడిచింది. కామెరూన్ 1-0తో గెలిచింది. ఫైనల్‌కు చేరామన్న సంతోషంతో లోపలికి వెళ్లినవాళ్లకు అక్కడ తెలిసింది, ఫోయే చనిపోయాడని. 28 ఏళ్లు. గుండె కండరం మందమయ్యే జబ్బు, లోపల ఉన్నట్టు అతనికే తెలియదు. మూడు రోజులకు ఫైనల్ కూడా ఆడించారు.

2012 మార్చి 17న లండన్‌లో టాటెన్‌హామ్, బోల్టన్ మ్యాచ్‌లో ఫాబ్రిస్ మువాంబా పడిపోయాడు. 23 ఏళ్లు. గుండె 78 నిమిషాలు తనంతట తాను కొట్టుకోలేదు. ప్రేక్షకుల్లో కూర్చున్న ఒక గుండె డాక్టరు గ్రౌండులోకి వచ్చాడు. రిఫరీ హోవర్డ్ వెబ్ ఇద్దరు మేనేజర్లతో మాట్లాడి మ్యాచ్ రద్దు చేశాడు. పది రోజులకు మళ్లీ మొదటి నుంచి ఆడించారు. ఆకాశం విరిగి మీద పడలేదు. మువాంబా బతికాడు, ఆట మాత్రం మానేశాడు.

మువాంబా పడిపోయిన నాలుగు రోజుల తర్వాత, మార్చి 21న, మన పక్కనే బెంగళూరులో 'ఏ' డివిజన్ లీగు మ్యాచ్. బెంగళూరు మార్స్ ఆటగాడు డి. వెంకటేశ్ గ్రౌండులో కుప్పకూలాడు. అంబులెన్స్ లేదు. ఆటోలో వేసుకొని పోయారు. బతకలేదు. మువాంబా గురించి నాలుగు రోజులుగా టీవీలన్నీ చెబుతూనే ఉన్నాయి. అయినా మన దేశంలో ఒక లీగు మ్యాచ్ పక్కన ఒక బండి నిలబెట్టలేదు. 2004లో అదే బెంగళూరు కంఠీరవ స్టేడియంలో ఫెడరేషన్ కప్పు ఫైనల్ ఆడుతూ డెంపో క్లబ్బు బ్రెజిల్ ఆటగాడు క్రిస్టియానో జూనియర్ చనిపోయాడు. గోల్ కొట్టే ఊపులో గోల్‌కీపర్‌కు తగిలి పడిపోయాడు. డెంపో 2-0తో కప్పు గెలిచింది, రెండు గోల్సూ అతనివే. అంటే పాఠం మనకు ఏడేళ్ల ముందే వచ్చింది, మనం చదువుకోలేదు.

యూరప్‌లో ఆట ఆపనివ్వనిది టీవీ డబ్బు అంటారు. మన దగ్గర టీవీ లేదు కాబట్టి మనకు ఆ ఒత్తిడి లేదనుకోకండి. మన ఒత్తిడి వేరే. చీఫ్ గెస్ట్ గారు హైదరాబాద్‌లో బయలుదేరి చౌటుప్పల్ దాటారని ఫోన్ వస్తుంది. షామియానా కిరాయి ఇవాళ్టి వరకే. ఫ్లడ్‌లైట్లకు జనరేటర్ తెచ్చినవాడు గంటల లెక్కన అడుగుతాడు. కప్పు ఇచ్చిన దాత ఎదురుగా కూర్చుని ఉంటాడు. మన ఊళ్లల్లో సగం కప్పులు తండ్రి జ్ఞాపకార్థమో, చిన్న వయసులో పోయిన కొడుకు జ్ఞాపకార్థమో పెట్టినవే. పోయినవాడి పేరు మీద కప్పు పెట్టి, పోయేలా ఉన్నవాణ్ని పక్కకు జరిపి ఆడించామంటే, ఆ దాత మొహం మనం ఎట్లా చూస్తాం?

నేను కళ్లారా చూసింది ఒకటి చెబుతాను. ఊరి పేరు వద్దు, కమిటీ పేరూ వద్దు, దేవరకొండ పక్క అనుకోండి. మే నెల. మన నల్లగొండ ఎండ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. సాయంత్రం నాలుగు దాటినా నేల సెగలు కక్కుతున్నది. ఇంటర్ చదివే పిల్లగాడు, లెఫ్ట్ వింగ్ ఆడుతున్నాడు. బంతి వెంట రెండడుగులు వేసి మోకాళ్ల మీద కూలబడి పక్కకు ఒరిగాడు. నలుగురు ఉరికొచ్చారు. ఒకాయన జేబులోంచి తాళంచేతుల గుత్తి తీసి పిల్లగాడి అరచేతిలో పెట్టి మూసిండు. ఇంకొకాయన ఉల్లిగడ్డ తెమ్మన్నాడు. ఒకరు నోట్లో నీళ్లు పోయబోతే పీఈటీ సార్ చెయ్యి పట్టి ఆపాడు. మైకులో కామెంట్రీ చెప్పే కుర్రాడు మాత్రం ఆగలేదు: "ఏం గాదు ఏం గాదు, గట్లనే లేస్తడు, ప్రేక్షకులు దయచేసి లైను దాటొద్దు." పిల్లగాడికి స్పృహ లేదు. 108 వచ్చింది, ఎక్కించింది, వెళ్లింది. దుమ్ము ఇంకా అణగలేదు, కమిటీ పెద్దమనిషి రిఫరీ దగ్గరికి వచ్చి, "సార్, ఇంక పావుగంటే ఉన్నది. గింత ఖర్చు పెట్టినం. ఊదుండ్రి విజిల్" అన్నాడు.

రిఫరీ ఊదాడు. ఆడారు. ఏం ఆడారు? బంతి కాళ్ల దగ్గరికి వస్తే దూరంగా కొట్టేసి రోడ్డు వైపు చూస్తున్నారు. అవతలి టీమ్‌వాళ్లకు గోల్ కొట్టాలంటే సిగ్గు. దాన్ని ఫుట్‌బాల్ అంటే నేను ఒప్పుకోను. పిల్లగాడు బతికాడు, వడదెబ్బ అన్నారు. బతికాడు కాబట్టి ఆ రోజు జరిగిన దాన్ని తప్పని ఎవరూ అనుకోలేదు. నాకు కోపం తెప్పించేది అదే.

ఇప్పుడు మనసుకు సంబంధం లేని, ఉత్త లెక్క ఒకటి చెబుతాను. మనసు సంగతి ఎత్తితే కొందరు "ఆటగాడంటే గుండె గట్టిగా ఉండాలె" అంటారు కాబట్టి. మన టోర్నీల్లో గ్రౌండు దగ్గర ఉండేది ఒక్క అంబులెన్స్, అదీ ఉంటే. పడిపోయినవాణ్ని తీసుకొని ఆ బండి వెళ్లిపోయింది. డాక్టరో నర్సో ఉంటే ఆ మనిషి కూడా బండెక్కింది. ఇప్పుడు గ్రౌండులో మిగిలిన ఇరవై ఒక్క మందికి ఏమైనా అయితే దిక్కెవరు? నల్లగొండ టౌన్‌లో అయితే మెడికల్ కాలేజీ ఆస్పత్రి దగ్గర. పాలమూరు టౌన్‌లోనూ అంతే. చందంపేటలోనో, నల్లమలలో అమ్రాబాద్ దగ్గరో ఆడిస్తుంటే? వెళ్లిన బండి తిరిగి వచ్చేదాకా ఆ గ్రౌండుకు ఏ రక్షణా లేదు. అంబులెన్స్ లేకుండా మ్యాచ్ మొదలుపెట్టొద్దని మనమే అంటాం. అంబులెన్స్ లేకుండా మ్యాచ్ కొనసాగించొచ్చని ఎక్కడ రాసుంది? ఈ ఒక్క మాటకు నాకు ఇంతవరకు ఏ కమిటీ జవాబు చెప్పలేదు.

"మరి పడిపోయిన ప్రతిసారీ ఆట ఆపుకుంటూ పోవాలా సార్?" అని వెనక వరసలోంచి ఎవరో అన్నారు. అక్కర్లేదు. కాలు బెణికినా, పిక్క పట్టేసినా, ముక్కులో రక్తం వచ్చినా ఆట నడుస్తుంది. మన రహీం సాబ్ ఇండియా టీమ్‌కు కోచ్‌గా ఉన్నప్పుడు, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో, జర్నైల్ సింగ్ తలకు కుట్లు వేయించుకొని ఫైనల్ ఆడి గోల్ కొట్టాడు. దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. హైదరాబాదీ కోచ్ తయారు చేసిన టీమ్ అది, చెప్పుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. కానీ జర్నైల్ సింగ్ "నేను ఆడతా" అని తన నోటితో చెప్పగలిగిన మనిషి. స్పృహ లేనివాడికి నోరెక్కడిది? "వాడే ఉంటే ఆడమనేవాడు" అని అతని తరఫున మనం మాట్లాడేస్తాం చూశారూ, అదే నాకు నచ్చదు.

గీత ఎక్కడ గీయాలో ఒకే మనిషి జీవితంలో కనిపిస్తుంది. ఇంగ్లండ్‌లో లూటన్ టౌన్ క్లబ్బుకు అప్పటి కెప్టెన్ టామ్ లాకియర్. 2023 మేలో వెంబ్లీ స్టేడియంలో, ప్రీమియర్ లీగుకు ఎవరు పోవాలో తేల్చే ఫైనల్లో పడిపోయాడు. గుండె లయ తప్పింది, అయితే స్పృహలోనే ఉన్నాడు, మాట్లాడుతున్నాడు. ఆట సాగింది. లూటన్ పెనాల్టీల్లో గెలిచింది, ఆస్పత్రి మంచం మీద ఉండి అతనూ సంబరపడ్డాడు. అదే ఏడాది డిసెంబర్ 16న బోర్న్‌మత్‌తో ఆడుతూ మళ్లీ పడిపోయాడు. ఈసారి గుండె 2 నిమిషాల 40 సెకన్లు ఆగిపోయింది. స్కోరు 1-1, గంట ఆట కూడా పూర్తి కాలేదు. మ్యాచ్ రద్దు చేశారు. మొదటిసారి ఆడించడం సబబే, రెండోసారి ఆపడమూ సబబే. ఈ రెంటికీ మధ్యలోనే ఉంది మనకు కావలసిన రూలు.

మీ చేతిలో ఉన్న టోర్నీ రూల్స్ కాగితం తిప్పి చూడండి. వర్షం పడితే ఏం చేయాలో ఉంది. కరెంటు పోతే ఎంతసేపు ఆగాలో ఉంది. రెండు టీమ్‌ల జెర్సీ రంగు ఒకటే అయితే ఎవరు మార్చుకోవాలో కూడా ఉంది. ఈ ఒక్కటి లేదు. అందులో ఇట్లా చేర్చమని నా కోరిక: "ఆటగాడికి గానీ, రిఫరీకి గానీ గ్రౌండులో సీపీఆర్ (ఛాతీ నొక్కడం) చేయవలసి వచ్చినా, షాక్ మెషీన్ వాడినా, స్పృహ లేని స్థితిలో ఆస్పత్రికి పంపినా, ఆ రోజుకు ఆ మ్యాచ్ ముగిసినట్టే. ఈ విషయంలో ఆటగాళ్లను, కోచ్‌లను, దాతలను అడగనవసరం లేదు." రిఫరీ తమ్ముళ్లారా, ఆ చివరి వాక్యం మీ కోసమే రాశాను. రేపు కమిటీ పెద్దమనిషి మీ భుజం మీద చెయ్యి వేసి విజిల్ ఊదమంటే, "నా చేతిలో లేదన్నా, రూల్స్‌లో ఉంది" అని కాగితం చూపించండి. ఫుట్‌బాల్ చట్టాల ప్రకారం తీవ్రంగా గాయపడితే ఆట ఆపే అధికారం రిఫరీకి ఎలాగూ ఉంది. ఆగిపోయిన మ్యాచ్‌ను ఏం చేయాలో మాత్రం టోర్నీ రూల్స్ తేల్చుకోవచ్చు, ఏమీ రాయకపోతే మళ్లీ ఆడించాలి.

స్కోరు ఏమవుతుందని గాబరా పడకండి, దానికి తోవలు చాలా ఉన్నాయి. లూటన్ మ్యాచ్‌ను మార్చిలో మొదటి నుంచి ఆడించారు. ఇటలీలో 2024 ఏప్రిల్‌లో ఉదినేసే, రోమా మ్యాచ్ 72వ నిమిషంలో ఆగింది. రోమా ఆటగాడు ఎన్‌డికా ఛాతీ నొప్పితో కూలబడ్డాడు. పదకొండు రోజులకు అక్కడి నుంచే మిగతా ఆట ఆడారు. అదే ఏడాది డిసెంబర్‌లో ఫియోరెంటీనా ఆటగాడు బోవే పడిపోతే, ఆగిన నిమిషం నుంచి ఫిబ్రవరిలో ఆడించారు. అమెరికాలో ఏకంగా రద్దే చేశారు. 2023 జనవరి 2న డామార్ హామ్లిన్ అనే ఆటగాడికి ఛాతీ మీద దెబ్బ తగిలి గుండె ఆగింది. వాళ్లు ఆడే ఫుట్‌బాల్ వేరు, చేతులతో ఆడేది, అయినా కోట్ల డాలర్ల లీగు అది. ఆ మ్యాచ్ మళ్లీ ఎన్నడూ ఆడలేదు. మన రెండు రోజుల టోర్నీకి ఇవన్నీ కుదరవు, తెలుసు. నా మాట: వీలైతే మరుసటి వారం ఆగిన నిమిషం నుంచి ఆడించండి, వీలు కాకపోతే ఇద్దరికీ కప్పు ఇవ్వండి. రెండు టీమ్‌ల కెప్టెన్లు ఒక కప్పును చెరో చెవి పట్టుకొని ఫొటో దిగితే దాత ఏమీ అనడు.

కొందరికి తొందరగా మళ్లీ ఆడటమే మందు. అదీ నిజం. క్రికెట్‌లో 2014 నవంబర్‌లో సిడ్నీలో ఫిల్ హ్యూస్‌కు మెడ దగ్గర బంతి తగిలి రెండు రోజులకు చనిపోయినప్పుడు ఆ మ్యాచ్ వదిలేశారు, మన ఇండియాతో మొదటి టెస్టు కూడా వెనక్కి జరిపారు. ఆ బంతి వేసిన షాన్ అబాట్ డిసెంబర్‌లో అదే సిడ్నీ గ్రౌండులో బౌలింగ్ చేసి 14 పరుగులకు 6 వికెట్లు తీశాడు. కానీ మధ్యలో రోజులు గడిచాయి, చుట్టూ మనుషులు నిలబడ్డారు. నేను అడిగేది ఆ రోజులే.

ఇక పడిపోయిన క్షణంలో ఏం చేయాలన్నది. మధ్యాహ్నం డాక్టరమ్మ బొమ్మ మీద చేయించి చూపిస్తారు, నేను రెండు ముక్కలే. ఎవరూ తగలకుండా పడిపోయి, పిలిస్తే పలకకపోతే, ముందు గుండె ఆగిందనే అనుకోండి. నోరు తెరిచి చేపలాగా ఎగశ్వాస తీస్తుంటే "ఊపిరి ఉంది కదా" అని ఆగిపోకండి, అది ఊపిరి కాదు. కాళ్లూ చేతులూ కొట్టుకుంటే "ఫిట్స్" అని తాళంచేతులు వెతక్కండి. 108కి ఒకరు ఫోన్ చేయండి, ఒకరు ఛాతీ మధ్యలో రెండు అంగుళాలు దిగేలా, నిమిషానికి వంద నుంచి నూట ఇరవై సార్లు నొక్కండి. ఏమీ చేయకుండా గడిచే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం నూటికి ఏడు నుంచి పది వంతులు తగ్గిపోతుంది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఆరాంఘర్ చౌరస్తాలో బస్సు దిగి పడిపోయిన మనిషిని ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్ రోడ్డు మీదే ఛాతీ నొక్కి బతికించాడు, మీరంతా ఫోన్లలో ఆ వీడియో చూసే ఉంటారు. అతని దగ్గర ఏ మెషీనూ లేదు, రెండు చేతులే.

చివరగా ఆఫీసు పని ఒకటి. మన ఎంట్రీ ఫారం నా దగ్గరుంది. ఆధార్ జిరాక్స్ అడిగాం, బోనఫైడ్ అడిగాం, పుట్టిన తేదీ సర్టిఫికెట్ అడిగాం, ప్రిన్సిపాల్ స్టాంపు అడిగాం. ఇంటివాళ్ల ఫోన్ నంబరు అడగలేదు. ఆ రోజు 108 వెళ్లిపోయాక పిల్లగాడి బ్యాగులో ఫోన్ మోగుతూనే ఉంది, లాక్ ఉండటంతో ఇంటికి తిరిగి చేయడానికి రాలేదు. ఎత్తి మాట్లాడాలంటే ఎవరికీ ధైర్యం చాలలేదు. చివరికి వాళ్ల ఊరి సర్పంచ్ నంబరు వెతికి కబురు పంపేసరికి చీకటి పడింది. ఫారాలు రేపు ప్రింటుకు పోతున్నాయట. తండ్రి ఫోన్, తల్లి ఫోన్, ఇంతకుముందు ఎప్పుడైనా ఆడుతూ కళ్లు తిరిగి పడిపోయాడా, ఇంట్లో చిన్న వయసులో గుండెతో పోయినవాళ్లు ఎవరైనా ఉన్నారా, ఈ నాలుగు గడులు చేర్చండి. సెక్రటరీ గారూ, భోజనానికి ముందే ప్రెస్‌వాడికి ఫోన్ చేస్తే బాగుంటుంది.